ఇంగ్లీషు చెడకుండ డచ్చి నేర్చుకొను విధము

ఆంస్టర్‌డాములోనో ఐండ్‌హోవెనులోనో ఉద్యోగము కుదిరి, లేదా అచట ఉద్యోగము కుదిరినవారితో పెండ్లి కుదిరి, విమానపు టిక్కెట్టు కొనుటకు ముందే ఆ దేశభాష కొంత కూడబెట్టుకొనుట మంచిదని పెద్దలెవరో చెప్పగా విని, హైదరాబాదునందలి ఆబిడ్సు సందులలో గంటకింతయని పుచ్చుకొని డచ్చి చెప్పు ప్రైవేటు మాస్టారు దొరకునేమో యని వెదకుచున్న ఆంగ్లవిద్యావంతులైన తెలుగు యువతీయువకుల హితము గోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నిజముగా డచ్చి రావలయునని కోరువారు దీనిని చదువ నక్కఱలేదు. వారి దారి వేఱు. డచ్చి నేర్చుకొనుచున్నారన్న ప్రతిష్ఠ పదిమందిలో దక్కవలయును, ఎల్.కె.జి. మొదలు పోషించుకొనుచు వచ్చిన ఇంగ్లీషునకు మాత్రము వెండ్రుకవాసి భంగము కలుగరాదు అను వారికే యీ ఉపదేశము.

మొదట స్థలనిర్ణయము. ఇందులకు ఆబిడ్సును మించిన చోటు నగరమున లేదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా జాతీయుడు ఇచట నొక దుకాణము పెట్టగా, కాలక్రమమున దుకాణము పోయి, దుకాణదారు పోయి, పేరొక్కటి మిగిలినది. అర్థమడుగకయే ఒక పరదేశపు పేరును నోట నిలుపుకొన్న పేటలో కూర్చుండి, ప్రతి డచ్చి మాటకును ఇంగ్లీషున అర్థమును, వ్యుత్పత్తిని, కారణమును చెప్పిననే గాని నోరు విప్పనని మాస్టారిని నిలదీయుటలో ఒక సొగసున్నది. ఆదివారమునాడు దుకాణములు మూసియుండగా కాలిబాటల పొడుగున పాతపుస్తకములు పరతురు గదా, వానిలో చేతికందిన మిక్కిలి లావైన విదేశభాషా నిఘంటువు నొకదానిని కొనవలయును. అది జర్మను భాషదైనను చింత లేదు. రెండును ఒక కుదుటివే యని వాదింపవచ్చును. నిఘంటువు బల్లమీద నున్నంత కాలము విద్యార్థి శ్రద్ధను శంకించు సాహసము ఎవరికిని కలుగదు.

ఇక మాస్టారి ఎంపిక. పాఠమంతయు డచ్చిలోనే నడుపుదునని తొలిమాటగా చెప్పువానిని మర్యాదగా చాయి త్రాగించి పంపివేయవలయును. డచ్చికంటె ఇంగ్లీషు బాగుగా మాట్లాడువాడు, రోటర్‌డామున గడపిన దినములను తలచుకొని నిట్టూర్చువాడు, వినువాడు దొరకిన చాలునని ముఖమున వ్రాసియున్నవాడు ఉత్తముడు. అట్టివానిని “సార్, అక్కడ చలి యెట్లుండును?” అని యొక్క ప్రశ్న అడిగిన, సైకిళ్ళు, కాలువలు, ఇంటి అద్దెలు, జున్ను మీదుగా గంట యంతయు చల్లగా జాఱిపోవును. నెల జీతము ముందే చెల్లించుట శ్రేయస్కరము: సొమ్ము ముట్టిన గురువు శిష్యుడు రాకున్న నొచ్చుకొనడు, శిష్యుడును సొమ్ము పోయినదను బాధలో విద్య రాలేదను బాధను మఱచిపోవును.

ఇంటిపని చేయలేదేమని మాస్టారు ఎప్పుడైన అడుగుట తప్పదు. అప్పుడు ప్రయోగింపవలసిన అస్త్రము ఒకటి కలదు, అది యథార్థమగుటచే అమోఘమును: ఆ దేశమున ఇంచుమించు అందఱకును ఇంగ్లీషు వచ్చును. కొట్టువాడు మన డచ్చి ఉచ్చారణమును విన్న తక్షణమే, దయచేతనో వినలేకనో, ఇంగ్లీషులోనికి మాఱును. మూడు వాక్యములు కూడబలుకుకొని పోయిన వారికి మొదటి వాక్యము ముగియకముందే ఇంగ్లీషున ప్రత్యుత్తరము లభించుట ఆ దేశమున నిత్యానుభవము. ఇట్టి జనుల నడుమ డచ్చి నేర్చుట వారి ఇంగ్లీషును అవమానించుట కాదా యని అడుగుడు. మాస్టారు మౌనము వహించును.

ఇంతవఱకు చెప్పినవి సులభములు. అసలైన అపాయము డచ్చినుండి రాదు. మన యింటినుండియు, మన వీధినుండియు వచ్చును. ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలయును గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

ఇంగ్లీషువాని గొంతులో పుట్టని ఒక ధ్వని డచ్చిలో అడుగడుగునకు తగులును. లిపిలో ‘జి’ అక్షరముగా కనబడునది నోట గొంతు గీచుకొనుచు వెలువడును. శుభోదయము చెప్పవలయునన్న ఖూదె మోర్ఖెన్ అనవలయును. లండను పలుకుబడిని అభ్యసించినవాడు దీనికై నెలలు తంటాలు పడుట న్యాయము. కాని నాంపల్లి స్టేషను ఎదుట చాయి అంగడికడ ఒక పూట నిలుచున్న యెడల ఈ ధ్వని దోసిళ్ళతో దొరకును. ఉత్తరాదివారు గొంతుమూలమున పలుకు ‘క’కారమును సైతము మన దక్కనీవారు ఈ గొంతు గీచుకొను ధ్వనిగా మార్చి, కలమును ఖలమనియు, కరీబును ఖరీబనియు పలుకుచున్నారు, అందులకు లక్నోవారు నవ్వినను లెక్కసేయలేదు. ఆ యంగడివాడు ఆంస్టర్‌డాము ట్రాములో కూర్చున్న ఉచ్చారణవిషయమున సిగ్గుపడ నక్కఱలేదు. కావున విద్యార్థి ఆ దారిని పోవునపుడు చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని పోవుట క్షేమము.

అంకెల విషయమును ఇట్టిదే. డచ్చివారు ఇరువదియైదును అయిదు-మఱియు-ఇరువది యని తలక్రిందుగా చెప్పుదురని మాస్టారు అనగానే, అయ్యో ఎంత మూఢాచారమని ఇంగ్లీషున వాపోవలయును. అంతకు అరగంట ముందు కాలిబాటమీద నిఘంటువును బేరమాడినపుడు అమ్మువాడు పచ్చీస్ అన్న మాటలో అయిదు ముందు, ఇరువది వెనుక నున్నదనియు, పురోహితుడు పలుకు సంస్కృతపు పంచవింశతిలోను అదే వరుసయనియు పొరపాటున కూడ స్మరింపరాదు. రెండున్నర గంటలను వారు హాల్ఫ్ ద్రీ, అనగా సగము మూడు అందురు. అది మూడున్నర యని భ్రమపడి బండి తప్పించుకొనుట ఆంగ్లవిద్యకు అలంకారము. నాంపల్లిలో కూలి ఢాయీ బజే అన్నపుడు ఆ ఢాయీ సంస్కృతపు అర్ధతృతీయము, అనగా సగమైన మూడవది, అరిగి అరిగి వచ్చిన రూపమేనని తెలిసికొన్నవారికి ఈ అలంకారము దక్కదు.

అన్నిటికంటె ఘోరమైనది వాక్యనిర్మాణము. ‘ఎందుకనగా’ అని డచ్చిలో ఒక ఉపవాక్యము నెత్తుకొన్న, క్రియ పరుగెత్తుకొని పోయి తుదను కూర్చుండును. ఓమ్‌దత్ ఇక్ మూ బెన్. ఇంగ్లీషు లెక్కన ‘ఎందుకనగా నేను అలసి ఉన్నాను’ అని క్రియను తుద కీడ్చుట వికృతము, అసహ్యము, వ్యాకరణహత్య. తెలుగు లెక్కన అది వంటింటి మాట. క్రియ కడపట రాకున్న మన అమ్మకు వాక్యము ముగిసినట్లే తోచదు. మన దేశమున పుట్టి, ఇంట నిట్లు మాటలాడుచు, తరగతిలో కూర్చుండి క్రియ కొఱకు వాక్యము తుదివఱకు వేచియుండుట దుర్భరమని నిట్టూర్చు నేర్పు ఇంగ్లీషు మీడియము ఒక్కటియే ప్రసాదింపగలదు, దానిని కాపాడుకొనుడు.

లింగవిచారమున మాత్రము కోపము తెచ్చుకొనుటకు మంచి యవకాశము కలదు. డచ్చిలో నామములకు ముందు దె, హెత్ అని రెండు ఉపపదములు. ఏది దేనికో బాల్యమునుండి వినినవారికి తెలియును, తక్కినవారికి కంఠస్థమే గతి. బాలిక యను మాటకు, హెత్ మైషె యని, నపుంసకపు ఉపపదమును తగిలింతురు. స్త్రీజాతికి జరిగిన యీ అన్యాయమునకు ఇంగ్లీషున ఒక ఉపన్యాసమిచ్చి, పాఠము ముగిసిన పిదప ఇంటికి ఫోను చేసి, “చెల్లి వచ్చిందా? బస్సు వచ్చిందా?” అని అడుగవచ్చును. చిన్నయసూరి బాలవ్యాకరణము చెప్పిన మహత్తు, మహతి, అమహత్తుల భేదమును, ఏకవచనమున మన ఆడపడుచును బస్సును ఒకే క్రియతో పంపుచున్న మన ఆచారమును ఆ క్షణమున తలంపునకు రానీయరాదు. అందులకే 1985లో తెలుగు విశ్వవిద్యాలయము వెలసిన పబ్లిక్ గార్డెన్సు వైపునుండి ట్యూషనుకు పోవలదని నా సలహా.

మాస్టారు చరిత్ర నెత్తుకొన్న యెడల మఱింత చిక్కు. డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. గోలకొండ కుతుబ్‌షాహి అనుమతితో 1606లో మచిలీపట్నమున వర్తకశాల పెట్టినారు. ఆ యూర ఇంగ్లీషుపాలెము, ఫరాసుపేటలతో పాటు డచ్చివారి వలందపాలెము నేటికిని గలదు. 1613లో పులికాటున గెల్డ్రియా కోట కట్టిరి. భీమునిపట్నమున వారి గోరీలున్నవి. 1824 నాటి సంధిని బట్టి మఱుసటి సంవత్సరము తీరమును ఇంగ్లీషువారికి వదలి పోయిరి. ఇంతవఱకు వినవచ్చును. కాని అబ్రహాం రోజీరియస్ అను పాదిరి ప్రసంగము రాగానే లేచి కిటికీ మూయవలయును. ఆ పాదిరి 1632 మొదలు పదియేండ్లు పులికాటున నుండి, పద్మనాభుడను బ్రాహ్మణుని ప్రైవేటు గురువుగా పట్టుకొని, మన మతాచారములను, భర్తృహరి సుభాషితములను తెలిసికొని డచ్చిలో వ్రాసికొన్నాడు. అతడు పోయిన తరువాత 1651లో గ్రంథము లైడెనున అచ్చుపడినది. గురుశిష్యు లిద్దఱకును మాతృభాష గాని పోర్చుగీసు వారి నడుమ వారధి. ఇందులో ‘నడుమ మూడవ భాష యుండవచ్చును’ అను భాగము మాత్రము గ్రహించి, ఇంగ్లీషును ఆ స్థానమున నిలిపి, మాస్టారికి దృష్టాంతముగా చూపవలయును. పదియేండ్ల సంగతిని గూర్చియు, శిష్యుడు వ్రాసికొన్న సంగతిని గూర్చియు నోరు మెదపరాదు. నా మట్టుకు నాకు ఆ పద్మనాభుని మీద గౌరవము మెండు; ఎంత సహనముతో ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పినాడో గాని, జీతమెంతయో తెలిసిన మన మాస్టారులకు ఊరట కలిగియుండును.

తుదకు పరీక్షల మాట. ఉన్నతనైపుణ్యము గల ఉద్యోగిగా పోవువానికిని, అతని భార్యకును, పోవుటకు ముందు భాషాపరీక్ష లేదు. వారు పై విధానమును నిర్భయముగా అవలంబింపవచ్చును. డచ్చి పౌరునో, అచట స్థిరపడిన వానినో పెండ్లాడి చేరబోవు వారి సంగతి వేఱు: 2006 నుండి అట్టివారికి పరీక్ష కలదు; నేడు వారు మన దేశముననే, ఆ దేశపు రాయబార కార్యాలయమునందు, మాటలాడుట, చదువుట, దేశవిషయములు అను మూడు భాగముల పరీక్ష గట్టెక్కిన గాని ప్రవేశము లేదు. స్థాయి మాత్రము అన్నిటికంటె క్రిందిదైన ఏ-1. దేశవిషయములకు నూఱు చిత్రములును, వాని ప్రశ్నలును ముందే ప్రకటించి యుంచినారు; అందుండియే అడుగుదురు. అడుగునది కంప్యూటరు; దానిని చలి యెట్లుండునని అడుగ వీలులేదు, ఇంగ్లీషున బతిమాలిన వినదు. అట్టి పరీక్షకు కూర్చుండవలసిన పాఠకురాండ్రును పాఠకులును ఈ వ్యాసమును ఇంతటితో ప్రక్కన పడవేసి, ఆనాడు చాయి త్రాగించి పంపివేసిన మాస్టారికి ఫోను చేసి, రేపటినుండి పాఠము డచ్చిలోనే చెప్పుడని కోరుదురు గాక.