అడుగు మోపని దాన్ని

నాకు కాళ్లు లేవు, చక్రాలు లేవు, నీళ్లలో తిరిగే పంకా కూడా లేదు. నా అడుగున ఉన్నది రబ్బరు పూసిన గట్టి బట్టతో కుట్టిన స్కర్ట్, దాని లోపల గాలి. డీజిల్ ఇంజిన్లు ఆ గాలిని కిందికి నెడుతున్నంతసేపూ నేను నేలకు కాస్త ఎత్తున తేలి ఉంటాను. పొడవు 8 మీటర్లు, బరువు రెండున్నర టన్నులకు కొంచెం తక్కువ. ఆ బరువంతా గాలి మీద పరుచుకుంటుంది కనుక చదరపు మీటరుకు వంద కిలోలు అటూ ఇటూగా పడుతుంది. మనిషి రెండు పాదాల మీద నిలబడితే అదే కొలతలో పదిహేను వందల కిలోలు దాటుతుంది. మనిషిని మోకాలిదాకా మింగే బురద నన్ను మోయడానికి కారణం ఈ లెక్కే.

పుట్టింది ఇంగ్లండు దక్షిణ తీరాన, సౌతాంప్టన్‌లో. మా హోవర్‌క్రాఫ్ట్‌ల వంశానికి మూలపురుషుడు క్రిస్టఫర్ కాకరెల్ అనే ఇంజినీరు. 1950లలో ఆయన ఒక డబ్బాలో ఇంకో డబ్బా పెట్టి, రెండింటి నడుమ సందులోంచి గాలి ఊది, ఆ తోపు ఎంతో వంటింటి తక్కెడ మీద కొలిచారు. 1959 జూన్‌లో మాలో మొదటిది ఎస్‌ఆర్‌.ఎన్‌1 జనం ముందుకొచ్చింది. జూలై 25న కలే నుంచి డోవర్‌కి ఇంగ్లిష్ చానల్ దాటింది. అప్పటికి దానికి స్కర్ట్ లేదు. చిన్న అల వచ్చినా, చిన్న రాయి అడ్డొచ్చినా ఇబ్బందే. లాటిమర్-నీడమ్ అనే మరో ఇంజినీరు ఆలోచనతో గాలి చుట్టూ వంగే అంచు వచ్చాకే మేం ఎగుడుదిగుడు నేల మీద పనికొచ్చాం. గొప్పగా సముద్రాలు దాటిన మా పెద్దల కథలు చాలామంది చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రబ్బరు అంచు కథే ముఖ్యం. అది లేకపోతే బురదలో చిక్కిన ఒక్క మనిషి దగ్గరికీ నేను వెళ్లలేను.

2002 డిసెంబరులో నన్ను వాయవ్య ఇంగ్లండులోని మోర్‌కంబేకి తెచ్చారు. అక్కడి అఖాతం 300 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆటు వేళ సముద్రం కనుచూపు దాటి వెనక్కి పోతుంది. పోటు వేళ ఒక్కోసారి దాదాపు 10 మీటర్ల ఎత్తున తిరిగొస్తుంది, అదీ ముందు నుంచే కాదు, వెనక పాయల్లోంచి చుట్టుముడుతూ. కెంట్, కీర్ నదులు దారులు మార్చుకుంటూ ఉంటాయి. నిన్న గట్టిగా ఉన్న ఇసుక ఇవాళ ఊబి. జనాన్ని క్షేమంగా దాటించడానికి 16వ శతాబ్దం నుంచీ రాజు తరఫున ఒక దారిచూపే మనిషిని నియమిస్తున్నారు. సెడ్రిక్ రాబిన్సన్ గారు 1963 నుంచి 2019 దాకా ఆ పని చేశారు. లారెల్ కొమ్మలు పాతి గట్టి దారి గుర్తు పెట్టేవారు.

నన్ను నడిపేది ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే సముద్ర రక్షణ సంస్థ. 1824లో మొదలైంది, ప్రజల విరాళాలతో సాగుతుంది. నా సిబ్బంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. పేజర్ మోగితే చేతిలో పని అక్కడే వదిలి పరిగెత్తుకొస్తారు. పడవ వెళ్లడానికి నీళ్లు చాలని చోట, ట్రాక్టర్ వెళ్లడానికి నేల చాలని చోట నా అవసరం పడుతుంది.

ఊబిలో కాలు చిక్కినవాళ్లు ముందు గింజుకుంటారు. గింజుకున్నకొద్దీ ఇసుక రేణువులు సర్దుకుని కాలి చుట్టూ బిగుస్తాయి. బలవంతంగా లాగితే పాదం కింద గాలి చొరబడని ఖాళీ ఏర్పడి వెనక్కి పీలుస్తుంది. తాడు కట్టి గుంజితే కీలు తప్పుతుంది తప్ప కాలు రాదు. పోటు ముంచుకొస్తున్నా మావాళ్లు అందుకే తొందరపడరు. నన్ను పక్కకు తెచ్చి దింపుతారు. నా అంచున ఒరిగి, సన్నటి గొట్టం ఒకటి కాలి పక్కగా లోపలికి దించి, దానిలోంచి నీళ్లు పంపుతారు. ఇసుక మళ్లీ పలచబడుతుంది. ఒక కాలు వదులవుతుంది, తర్వాత రెండోది. అప్పటిదాకా ఆ మనిషి చంకల కింద చేతులు వేసి పట్టుకుని మాట్లాడిస్తూనే ఉంటారు. నేను ఎంత వేగంగా వచ్చానన్నది అక్కడ సగం పనే. వచ్చాక ఆ మనిషి పక్కన మునగకుండా నిలబడగలగడం మిగతా సగం.

2004 ఫిబ్రవరి 5 రాత్రి సంగతి చెప్పకుండా నా కథ చెప్పలేను. చైనా నుంచి వచ్చిన కూలీలు చీకట్లో గుల్లలు ఏరుతూ ఉండగా పోటు చుట్టేసింది. వాళ్లకు ఆ ఇసుక తెలియదు, పోటు వేళలు తెలియవు.  చలికాలపు సముద్రంలో 23 మంది పోయారు. లైఫ్‌బోట్లతో, హెలికాప్టర్లతో పాటు నేనూ వెతికాను. ఇసుక మీద మావాళ్లకు కనిపించినవి శవాలే. వాళ్లను అక్కడికి తెచ్చిన మేస్త్రీకి 2006లో 14 ఏళ్ల జైలుశిక్ష పడింది. కూలీ మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2004లోనే చట్టం వచ్చింది. గంటకు 55 కిలోమీటర్ల వేగం ఉంది నాకు. పేదవాడి ప్రాణానికి విలువ కట్టని పనిచోట్ల ఆ వేగం దేనికీ సరిపోదని కోపంగానే చెబుతున్నాను.

వరదల్లో నా పనితీరు అడిగేవాళ్లుంటారు. నా పంకా నీళ్లలో ఉండదు, గాలిలో వెనక తిరుగుతుంది. పడవ మోటారుకు చుట్టుకునే బట్టలు, తీగలు, గుర్రపుడెక్క నన్ను ఆపవు. నీళ్లు తీసి బురద మిగిలిన పొలం మీదా అలాగే సాగుతాను. కానీ నాకు బ్రేకులు లేవు. ఎదురుగాలికి, వాలుకు పక్కకు జారతాను. నా హోరులో కేకలు వినపడవు. ఇంజిన్లు ఆపి చెవులు రిక్కించాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల ఇరుకు సందుల్లో నేను తిరగలేను. అక్కడ పడవలే సరి.

కొండచరియలు విరిగినచోట ఇంకా కష్టం. అమెరికాలోని ఓసోలో 2014 మార్చి 22న కొండ జారి 43 మంది పోయారు. నడిచి వెళ్లిన రక్షకులు నడుముదాకా కూరుకుపోయారు. నాలుగేళ్ల పిల్లవాణ్ణి హెలికాప్టర్ సిబ్బంది బురదలోంచి ఎత్తారు. అలాంటి బురదలో చదునుగా పరుచుకున్న భాగం దాటడం నాకు చేతనవుతుంది. విరిగిన మానులు, ఇళ్ల కప్పులు గుట్టలుగా పడ్డ భాగం స్కర్ట్‌ను చీల్చేస్తుంది. ఈ తేడా ముందే తెలిసి పంపితే మేలు.

ఇండియాలో మావాళ్లు ఉన్నారు. తీర రక్షక దళం దగ్గర ఉన్నవి నాకంటే చాలా పెద్దవి, 20 మీటర్లు దాటినవి. శ్రీలంక సంక్షోభంలో ఉన్న 2022 మార్చిలో, పసిబిడ్డతో సహా ఆరుగురిని ధనుష్కోడి దగ్గరి ఇసుకదిబ్బ మీద ఎవరో దింపేసి పోతే, అలాంటి హోవర్‌క్రాఫ్టే వెళ్లి తెచ్చింది. పడవకు లోతు చాలదు, మనిషి ఈదలేడు. సరిగ్గా మా చోటు అది.

1977 నవంబరులో ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిననాటికి మేం పుట్టి 18 ఏళ్లు. ఆ తీరం విషయంలో నాకున్న బెంగ ఒక్కటే: తుపాను హెచ్చరిక వచ్చాక మమ్మల్ని వెతకడం. నాగాయలంక దిగువ పాయల్లో, కోరింగ మడల్లో నాలాంటి చిన్నదాన్ని ఎండాకాలంలోనే తిప్పాలి. ఎక్కడ మేట గట్టిది, ఎక్కడ చెరువుగట్టు ఎత్తు, ఎక్కడ కంచె మునుగుతుంది, ఎక్కడ కరెంటు తీగ వేలాడుతుంది, అన్నీ పటంలో ఎక్కించుకోవాలి. పటం గీసేటప్పుడు ముందు కూర్చోబెట్టాల్సింది అక్కడి జాలర్లను. మోర్‌కంబే ఇసుక గుట్టు అక్కడి జాలరి కుటుంబాలకే బాగా తెలుసు. సెడ్రిక్ రాబిన్సన్ గారు కూడా వృత్తికి జాలరే.