పడవకు పెట్టిన లప్పం

ఇళ్లకు రంగులేసే పని నాది. గోడ చూడగానే ఎంత లప్పం పడుతుందో, ఎన్ని లీటర్ల రంగు తాగుతుందో చెప్పేస్తాను. గరిడేపల్లి, నేరేడుచర్ల చుట్టుపక్కల నా చేతిమీదుగా రంగు పడ్డ ఇళ్లు చాలానే ఉన్నాయి. అందుకే మా మేనమామ తన పడవకు రంగేయించాలన్నప్పుడు ఇంకెవర్నీ అడగనివ్వలేదు. మనకు తెలియని రంగా అనుకున్నాను.

మామ మట్టపల్లి దగ్గర కృష్ణలో చేపలు పడతాడు. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం నిండితే వెనక నీళ్లు మట్టపల్లి నరసింహస్వామి గుడి దాకా ఎగదన్ని నిలుస్తాయి. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడే పడవను గట్టుకు లాగి బాగుచేసుకోవాలి. మేమూ మే నెలలోనే లాగాం.

అడుగున పాత రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ఇనప బద్దతో గీకి, ఉప్పుకాగితం పట్టాను. తడపకుండా, పొడిగానే. లేచిన దుమ్ము నా ఒంటి మీదా, పక్కనే ఆడుకుంటున్న మామ మనవల మీదా పడింది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ల రంగుల్లో అది 90 పీపీఎం దాటకూడదన్న కేంద్రం నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ పడవ మీది రంగు అంతకు చాలా ముందుది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఆ పూట పట్టించుకోలేదు. నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఇదే.

గీకాక పలకల మధ్య సందులు బయటపడ్డాయి, గోరు దూరేంత. గోడ పగిలితే ఏం చేస్తానో అదే చేశాను. తెల్ల సిమెంటు లప్పం కలిపి, రేకుతో నొక్కి నింపాను. మామ పక్కనే నిలబడి చూస్తూ, "అల్లుడా, మా నాయిన దీంట్ల దూదీ గుగ్గిలం కొట్టేటోడు" అన్నాడు.

"అయన్నీ ఎందుకు మామా, ఇది రాయిలెక్క గట్టిపడతది" అన్నాను.

రోజూ చేసే పని కదా, నాకే బాగా తెలుసనుకున్నాడేమో, మళ్లీ నోరు మెదపలేదు.

ఆ గట్టిపడటమే దాని దోషం. ఎండిన చెక్క కుంచించుకుపోతుంది, అందుకే సందులు తెరుచుకుంటాయి. నీళ్లలో దింపితే చెక్క ఉబ్బి పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. దూది ఆ ఒత్తిడికి అణిగి ఇంకా బిగుస్తుంది. లప్పం అణగదు, చిట్లి ఊడిపోతుంది. రంగు విషయంలోనూ అంతే. సముద్రం పడవలకు చెక్కను తొలిచే పురుగు భయం ఉంటుంది. కృష్ణ మంచినీళ్లలో ఆ బెడద లేదు, ఇక్కడ శత్రువు కుళ్లు. లోపల తడి ఉండగా బయట రంగుతో మూసేస్తే ఆ కుళ్లుకు మనమే దారి వేసినట్టు. పడవ లోపలి బురద ఆరకముందే, మిట్టమధ్యాహ్నం ఎండలో నేను ఎనామిల్ కొట్టాను. పైపొర వెంటనే ఎండింది. కింద చిక్కిన టర్పెంటూ తడీ ఆవిరై, పోయే దారిలేక, అడుగంతా బుడగలు లేపాయి.

నీళ్లలోకి దింపాక లప్పం ముక్కలై పడవలోకి రాలింది. వెనకాలే నీళ్లు. మామ డబ్బాతో తోడుతూ ఒడ్డుకు తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పడవ మళ్లీ తేలేదాకా ఇంకొకరి పుట్టిలో చేపలకు పోయాడు.

రెండోసారి మామ చెప్పినట్టే చేశాం. పడవను చెట్టు నీడకు లాగి, లోపలి బురద కడిగి, ఆరనిచ్చాం. సందుల్లో లప్పం కొక్కెంతో లాగేశాం. దూదిని పేని, మొద్దు ఉలితో సందులోకి కొట్టి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. అది నా పని కాదు, నేను అందించాను. దూదిని మరీ బిగించి కొట్టకూడదనీ, చెక్క ఉబ్బడానికి చోటు వదలాలనీ అప్పుడే తెలిసింది. ప్రైమరూ రంగూ పొద్దు వాలాక పల్చగా వేశాను. తర్వాత పడవను లోతు లేని నీళ్లలో నానేసి, పలకలు బిగిసి ఊట ఆగాకే ఏట్లోకి తీసుకెళ్లాడు.

పాత పడవకైనా పాత తలుపుకైనా రంగు గీకే ముందు నీళ్లతో తడపండి. పిల్లల్ని దూరంగా పంపండి. గీకిన పొట్టును గోనెపట్టా పరిచి ఎత్తండి, చెరువులోకో ఏట్లోకో ఊడ్చకండి. పడవ సందు నింపాలంటే నాలాంటి గోడల మేస్త్రీని కాదు, రేవులో పెద్దవాళ్లను అడగండి.