కన్నుగారు వస్తున్నారు, లైటు దించండి

మొత్తానికి దేశంలో వెలుతురు ఎక్కువైపోయిందని తేలింది. 2025 అక్టోబరు 7న, మంగళవారం, రోడ్డు భద్రత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మీరూ చదివే ఉంటారు. బండి హెడ్‌లైటు ఎంత వెలగొచ్చో, వెలుగు ఏ కోణంలో పడొచ్చో గరిష్ఠ పరిమితి పెట్టండి, పొల్యూషన్ చెకింగప్పుడూ ఫిట్‌నెస్ చూసేటప్పుడూ ఆ సంగతీ చూడండి, తనిఖీలకు దిగండి అన్నారు. కోర్టువారి బాధ న్యాయమైనదే. విశాఖ బీచ్ రోడ్డులో ఎదురొచ్చే తెల్ల ఎల్‌ఈడీకి కళ్లు బైర్లు కమ్మనివాడెవడు? నా మంట ఆదేశం మీద కాదు, అందులోంచి మనవాళ్లు ఏరుకున్న ముక్క మీద. అంత పెద్ద తీర్పులో అందరికీ కనబడింది లైటొక్కటే. బైకుకి అదనంగా రెండు దీపాలు కట్టుకున్నవాడే ఇక దేశద్రోహి. చలానా మిషను ఇవాళ కాకపోతే రేపు ఘాట్ ఎక్కి, పాడేరు దాటి, మా మన్యంలోని జి.మాడుగుల సెంటర్లో దిగుతుంది.

ఇంతకీ ఎవరి కళ్లు చెదరకూడదని ఈ తాపత్రయం? కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 తిరగేశాను. 106వ నియమంలో కొలువై ఉన్నారాయన. లైటుకి ఎదురుగా 8 మీటర్ల దూరాన, లైటు కుడి అంచు నుంచి అర మీటరు పక్కన, నేలకి మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను. ఆ కన్ను చెదిరేలా ఏ బండి దీపమూ వెలగరాదు. ఆయనకి ఆధార్ లేదు, కులం సర్టిఫికెట్ లేదు, రేషను కార్డులో పేరు లేదు. అయినా చట్టం ఆయన్ని టేపు పెట్టి కొలిచి మరీ గుర్తుపట్టింది. మన్యంలో ఎన్నో గూడేల్లో చిరునామా అడిగితే వాగు పేరో మామిడిచెట్టో చెబుతారు. కన్నుగారికి మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న చిరునామా. అంతటివారిని 'గారు' అనకపోతే బాగోదు.

కాబట్టి నా మనవి ఏమంటే, నియమాల పుస్తకంలో కూర్చున్న ఆయన్ని కొండ మీదికి పంపాలి. స్వయంగా వచ్చి నిలబడితే తప్ప మావాళ్ల దీపం ఆయన కంట్లో పడుతోందో లేదో తేలేదెలా?

నిలబెట్టేదెక్కడన్నదే చిక్కు. పాడేరు ఘాట్‌లో పిన్ను మలుపు తీసుకోండి. బైకుకి ఎదురుగా 8 మీటర్లు కొలిస్తే రోడ్డు అయిపోయి గాలి మొదలవుతుంది. పక్కకి అర మీటరు జరిగితే ఒక మలుపులో కొండరాయి, మరో మలుపులో ఎదురొచ్చే లారీ. కన్నుగారు లోయ మీద మీటరున్నర ఎత్తున తేలుతూ ఉండాలి. వంజంగి మేఘాల మీద కుర్చీ వేయిస్తే సరిపోతుందేమో, పర్యాటక శాఖవారు ఆలోచించాలి. టిక్కెట్టు కూడా పెట్టుకోవచ్చు.

తర్వాత పోస్టు మంజూరు. సచివాలయానికి ఒకరు చొప్పున 'గ్రామ నేత్రం, గ్రేడ్-2' అనుకుందాం. ఏజెన్సీలో ఉద్యోగం కదా, మొత్తం గిరిజనులకే ఇద్దామంటే కుదరదు. టీచరు పోస్టులు నూరు శాతం ఇక్కడివాళ్లకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే కొట్టేసింది. కాబట్టి మైదానం నుంచి ఒక కన్ను వస్తుంది. చేరిన రోజే బదిలీకి దరఖాస్తు పెడుతుంది. ఆ తర్వాత సోమవారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం మధ్యాహ్నం దిగిపోతుంది. హాజరుకి ఐరిస్ యంత్రం ఉంది, అదొక్కటే ఆయన వంటికి సరిగ్గా సరిపడే సౌకర్యం. కానీ సిగ్నల్ కోసం గట్టెక్కాలి, కన్నుగారికి కాళ్లు లేవు.

డ్యూటీ పది నుంచి ఐదు. రాత్రి పని చేయరా అంటారేమో. రాత్రి మంచు పడుతుంది, చలి, పైగా ఏమీ కనబడదు! పగలైతే ఇబ్బంది లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి ఇంజను ఆన్ చేస్తే హెడ్‌లైటు దానంతటదే వెలగాలని ప్రభుత్వమే నియమం పెట్టింది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా ఆయనకి చేతినిండా పని.

ఇక ముద్దాయి సంగతి. వాడిది వంద సీసీ బండి. లైటు 35 వాట్ల బల్బు. పాత బళ్లలో చాలావాటికి ఆ బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను తిరిగే జోరు నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే వెలుగు, వదిలితే మసక. మలుపు దగ్గర ఎవడైనా యాక్సిలరేటర్ వదలాల్సిందే. అంటే లోయ అంచు కనబడాల్సిన చోటే లైటు కునుకు తీస్తుంది. కన్నుగారి ఆరోగ్యానికి ఇంతకంటే మంచి బండి ప్రపంచంలో లేదు. ఆ కుర్రాడు మాత్రం మెకానిక్ దగ్గరికి పోతాడు.

"ఏటల్లుడూ, రెండెట్టీమంటావా?"

"రెండే ఎట్టు మావా. కిందకెట్టు. మంచు కదా."

మంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లగోడ లేస్తుందని అక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. లైట్లు కిందికి, క్రాష్ గార్డుకి కట్టి, నేల చూపు చూసేలా వంచితేనే రోడ్డు అంచు దొరుకుతుంది. కుర్రాళ్లు పసుపు రంగు అడుగుతారు, రంగుకంటే వంపు ముఖ్యమని మావకి తెలుసు. బ్యాటరీ నుంచి వైరు, దగ్గర్లోనే ఫ్యూజు, భారం మోయడానికి రిలే, హ్యాండిల్ మీద స్విచ్చి. ఇరవై వాట్లవి రెండు పెడితే 12 వోల్టుల మీద మూడు ఆంపియర్ల పైచిలుకు. అంతకు మించితే చిన్న బ్యాటరీ పొద్దున్నే మొరాయిస్తుంది. రిలే దండగనుకుని హారన్ వైరులోంచి లాగేసిన బండికి హారన్ కొట్టినప్పుడల్లా లైటు రెప్ప వేస్తుంది, ఓ రాత్రి వైరు కాలి రెండూ పోతాయి. అందుకని మంచి మెకానిక్ ఆ పని చేయడు. చీకటి పడ్డాక బండిని గోడకెదురుగా నిలబెట్టి, లైటు ఎత్తున బొగ్గుతో గీత గీసి, వెలుగు పై అంచు గీత దాటకుండా నట్టు బిగిస్తాడు. కన్నుగారి పేరు ఆయన వినలేదు. కానీ సంత నుంచి నడిచొచ్చే ముసలమ్మ కళ్లు ఆయనకి తెలుసు, రోడ్డు వెచ్చగా ఉందని పడుకునే ఆవులూ తెలుసు. గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో 8 మీటర్లంటే ముప్పాతిక సెకను. ఆవు అందులో లేవదు.

ఈ నట్టు బిగించడం నేరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు పెట్టిన రూపం మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి ఐదు వేలు, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. జత లైట్లు ఒక మార్పా, రెండు మార్పులా? రిలేని విడిగా లెక్కేస్తారా? ఇవి కన్నుగారు తేల్చాల్సిన ధర్మసందేహాలు. ఖరీదైన బళ్లకి ఇవే లైట్లు షోరూములో అమ్ముతారు, అక్కడ వాటిని యాక్సెసరీలంటారు. వాటిలో నాలుగేసి వెలిగించుకుని తెల్లవారుజామున వంజంగి మేఘాలకి వెళ్లేవాళ్లు మా కళ్లు పొడుస్తూనే ఉన్నారు. వాళ్లని పట్టుకుంటే నేను చప్పట్లు కొడతాను. పట్టుకోరు, వాళ్లు పర్యాటకులు.

చట్టంలో దయాదాక్షిణ్యాలు లేవనుకోకండి. 111వ నియమం చూడండి. బండికి ముందు స్పాట్‌లైటు పెట్టరాదు, 'అసాధారణ పరిస్థితుల్లో', రిజిస్టరింగ్ అథారిటీ ముందస్తు అనుమతితో తప్ప. మనవాడు అర్జీ పెట్టాడనుకోండి. "అయ్యా, మా ఊరి దారిలో చీకటిగా ఉన్నది." ఎప్పటినుంచి? "రోజూనండి, పొద్దు పోయినప్పటినుంచి." రోజూ వచ్చేది అసాధారణం ఎలా అవుతుందయ్యా, తిరస్కరించడమైనది. పోనీ ఎప్పుడో ఒకసారి వచ్చేది రాయమంటే, "అయ్యా, మా దారిలో వీధిదీపం వెలిగినది" అని రాయాలి. అప్పుడిక లైటెందుకు?

జి.మాడుగుల పేరు పేపర్లో రెండు సందర్భాల్లో వస్తుంది. చలికాలం ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు ఒకసారి. డోలీ మోసినప్పుడల్లా మళ్లీ మళ్లీ. నిండు చూలాలిని కర్రకి కట్టిన దుప్పట్లో వేసుకుని గుట్ట దిగుతారు. ముందు నడిచేవాడి చేతిలో సెల్‌ఫోన్ టార్చి. మట్టి దారి తగిలాక బైకు, తారురోడ్డు దాకా వస్తే 108. ఈ మధ్యలో ఉన్న బైకే ఇప్పుడు మనకి ముద్దాయి. 2018లో 'ఫీడర్ అంబులెన్సులు' అంటూ బైకులకే రోగి పడక తగిలించి ఇదే మన్యానికి పంపింది ప్రభుత్వం. అది సేవ. అదే రోగి కోసం వెళ్లే కుర్రాడు రెండు దీపాలు తగిలించుకుంటే మార్పు, ఐదు వేలు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవి తల్లి బాట' రోడ్ల పథకం మొదలుపెట్టారు, వెయ్యి కోట్ల పైమాట. రోడ్లు పడుతున్నాయి, కాదనను. పడని చోట పురుడు ఆగదు కదా.

ఇంకొకటి ఉంది. 2019లో 182ఎ తెచ్చిన సవరణే 198ఎ కూడా తెచ్చింది. రోడ్డు సరిగా కట్టని, సరిగా ఉంచని అధికారికీ కాంట్రాక్టరుకీ అందులో జరిమానా ఉంది. ఎప్పుడు? ఆ రోడ్డు మీద మనిషి చచ్చిపోతేనో, కాలో చెయ్యో పోతేనో. ఎంత? లక్షకి మించకుండా. ఎవరికి చెల్లిస్తారు? చచ్చినవాడి ఇంటికి కాదు, ప్రభుత్వం పెట్టిన నిధికి. లైటు కట్టినవాడు ఎవరినీ చంపక్కర్లేదు, లైటు కట్టడమే చాలు. రోడ్డు వదిలేసినవాడి దగ్గరికి చట్టం శవం చూశాకే వస్తుంది. జాతీయ రహదారులు కాని రోడ్లకి కట్టుబడి ప్రమాణాలు, నిర్వహణ ప్రమాణాలు 210డి సెక్షను కింద ఆరు నెలల్లో రాయండని రాష్ట్రాలకి చెప్పింది కూడా ఆ అక్టోబరు 7 ఆదేశమే. దాని మీద ఎవరైనా తనిఖీకి దిగారా? ఒక్క ప్రెస్‌మీట్ పెట్టారా? ఆ పేరా మాత్రం ఎవరి కళ్లకీ ఆనలేదు.

ఎందుకంటే మీరు చట్టంలో కన్నుని రాసుకున్నారు గాని, కన్ను వెనక మనిషిని రాసుకోలేదు. కన్నుగారికి జ్వరం రాదు, నొప్పులు రావు, పాము కరవదు, ఆయన్ని ఎవరూ మోయక్కర్లేదు. మాకు వస్తాయి. గరిష్ఠ వెలుతురు ఎంతో రాస్తున్నారు కదా, పక్కనే కనిష్ఠం ఎంతో రాయండి. చూలాలు రాత్రి పూట దిగే దారిలో ప్రభుత్వం ఎంత వెలుగు పెట్టాలో, పెట్టకపోతే ఒక్కో మలుపుకి ఎవరు ఎంత కట్టాలో రాయండి. అది రాసేదాకా మా లైట్లు మేం విప్పం. పట్టుకుని చలానా రాయండి, జతకి పదివేలు రాయండి. ఆ కాగితం మీదే ఇంకో గడి గీసి, ఆ రాత్రి ఆ దారిలో మీరు వెలిగించిన వీధిదీపాలు ఎన్నో నింపి, సంతకం పెట్టి ఇవ్వండి.