భూమధ్యరేఖ మీద స్వెట్టర్

సింగపూర్ భూమధ్యరేఖకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 19 డిగ్రీలు, అదీ 1989లో. చలికి పేరుమోసిన మన లంబసింగిలో అయితే ఆ అంకెకి కప్పుకున్న దుప్పటి తీసి పక్కన పెడతారు. అలాంటి సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు సూదులు పట్టుకుని స్వెట్టర్లు, మఫ్లర్లు, కోతిటోపీలు అల్లుతున్నారు. అల్లనివ్వండి. నా గొడవ అల్లికతో కాదు, అల్లేవాళ్ళు చెప్పే సాకులతో.

మొదటి సాకు ఏసీ. 1959లో ప్రధాని అయిన లీ క్వాన్ యూ మొట్టమొదట చేసిన పనుల్లో ప్రభుత్వ ఆఫీసులకు ఏసీలు పెట్టించడం ఒకటి. తమ దేశం ఎదగడానికి ఆ యంత్రమూ ఒక కారణమని ఆయనే చెప్పుకున్నాడు. ఇప్పుడదే ప్రభుత్వం 25 డిగ్రీల దగ్గర పెట్టుకోండి బాబూ అని మొత్తుకుంటోంది. వినే మాల్ ఏది, వినే సినిమా హాలు ఏది? బయట ఉడుకు, లోపల వణుకు. అందుకని స్వెట్టర్ విలాసం కాదు, అవసరం అంటారు. ఒప్పుకున్నాం. మరి ఆఫీసులో మీ కుర్చీకి వేలాడుతున్న ఆ నల్ల జాకెట్ ఎక్కడిది? కొన్నది. అల్లినదేదీ? దానికింకా రెండో చెయ్యి రాలేదు. ఏసీ చలి ఇవాళ్టిది, మీ స్వెట్టర్ వచ్చే ఏడాదిది.

రెండో సాకు పొదుపు. ఇది చెప్పేటప్పుడు మొహంలో ఒక్క గీతైనా కదలదు. చైనాటౌన్‌లో పీపుల్స్ పార్క్ సెంటర్ మెట్లెక్కి గోల్డెన్ డ్రాగన్ ఊలు కొట్లోకి ఒక్క ఉండ కోసం వెళ్ళినవాళ్ళు ఒక్క ఉండతో దిగిరావడం ఎవరైనా చూశారా? చేత్తో రంగులద్దిన మెరినో ఊలు కావాలంటే ఒక్కో చిలపకి ముప్పై డాలర్లు దాటుతుంది. పెద్దవాళ్ళ స్వెట్టర్‌కి వెయ్యి మీటర్లకు పైగా దారం పడుతుంది, అంటే మూడు నాలుగు చిలపలు. ఆ డబ్బుతో యూనిక్లోలో రెండు స్వెట్టర్లు కొనుక్కుని, మిగిలిన చిల్లరతో టెక్కా మార్కెట్లో దోసె తినొచ్చు. పైగా కొన్న ఊలంతా అల్లరు కదా, దాస్తారు. 1996 తర్వాత కట్టిన ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లలో దాదాపు ఇంటింటికీ ఒక బాంబు షెల్టర్ ఉంది. యుద్ధమొస్తే కుటుంబం తలదాచుకోవడానికి ప్రభుత్వం మందపాటి గోడలతో కట్టించి ఇచ్చింది. ఇప్పుడందులో ఊలు తలదాచుకుంటోంది. గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎనభై శాతం చుట్టూ ఆడే ఊరు కాబట్టి ఆ ఊలుకి బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు, పురుగు పట్టకుండా కలరా ఉండలు, మూత బిగిసే డబ్బాలు. ఇదీ పొదుపు.

మూడో సాకు ధ్యానం. అల్లుతుంటే మనసు ప్రశాంతంగా ఉంటుందట. జురాంగ్ ఈస్ట్‌లో ఎంఆర్‌టీ రైలెక్కి, సీటు దొరికించుకుని, నూట ఇరవై నాలుగు కుట్లు లెక్కపెడుతున్న మనిషిని కదిలించి చూడండి. "ఏమ్మా, ఎవరికి అల్లుతున్నావు?" అని పక్కసీటు పెద్దావిడ పలకరిస్తే ఆ చూపులో ధ్యానం ఏ మూల ఉందో వెతకండి. చెమట పట్టిన వేళ్ళకు ఊలు అతుక్కుంటుంది, వెదురు సూది మీద కుట్టు జరగదు. పోనీ ఈ వేడికి నూలు దారమే నయమనుకుంటే దానికి సాగే గుణం తక్కువ, బరువెక్కువ. నడుము దాకా అల్లిన బనీను ఉతికేసరికి మోకాళ్ళ వైపు బయల్దేరుతుంది. ముందు నాలుగంగుళాల నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, కొలుచుకోమని ప్రతి పుస్తకమూ చెబుతుంది. అల్లేవాళ్ళందరూ చదువుతారు, ఎవరూ చెయ్యరు. తర్వాత ఇరవై వరసల కింద తప్పు కనబడుతుంది. అప్పుడు వినబడే మాటలు ఏ ఆశ్రమంలోనూ నేర్పరు.

నాలుగో సాకు అల్లేవాళ్ళది కాదు, చూసేవాళ్ళది. "ఇంత బాగా అల్లుతున్నావు, అమ్ముకోవచ్చుగా?" ఖాళీగా ఉన్న చేతిని చూస్తే సింగపూర్‌లో మనవాళ్ళకు దిగులు. పిల్లవాడు బొమ్మ గీస్తే పోటీకి పంపాలి, ఇల్లాలు ఊలు పడితే ఆన్‌లైన్ దుకాణం తెరవాలి. సరే, లెక్క చూద్దాం. నిమిషానికి ముప్పై కుట్ల చొప్పున యాభై వేల కుట్ల స్వెట్టర్‌కి దాదాపు 28 గంటలు పడుతుంది, విప్పి మళ్ళీ అల్లినవి కలపకుండా. ఆ గంటలకు కూలి కట్టి ధర చెబితే, సలహా ఇచ్చిన పెద్దమనిషే ముందు జారుకుంటాడు.

కూలి కట్టకుండా అమ్మితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే నరసాపురం చూడండి. గోదావరి ఒడ్డున 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే లేసు అది. సూది వేరు, చేతి కష్టం ఒకటే. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడైంది. అల్లిన ఆడవాళ్ళది మాత్రం పనే కాదన్నారు, ఇంటి పట్టున తీరిక వేళ కాలక్షేపం అన్నారు. ఆ ఒక్క మాట అడ్డుపెట్టి కూలిని ఎంత కిందికి నొక్కారో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాసింది. లేసుకి మాత్రం 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అక్కడ పనిని కాలక్షేపమని పిలిచి ఆడవాళ్ళ పొట్ట కొట్టారు. ఇక్కడ కాలక్షేపాన్ని పని అని పిలిచి దాని సరదా చంపుతున్నారు.

అసలు సంగతి అందరికీ తెలుసు. ఒక్క పొడుగాటి దారం రెండు పుల్లల మధ్య మెలికలు తిరిగి బట్టవుతుంటే చూడటం బాగుంటుంది. కేబుల్ మెలిక మొదటిసారి సరిగ్గా పడిన రాత్రి నిద్ర పట్టదు. తప్పు అల్లినదాన్ని ఒక్క లాగుతో విప్పి మళ్ళీ మొదలెట్టే వీలు ఉద్యోగంలో లేదు, సంసారంలో అసలే లేదు. ఇంతకంటే కారణం దేనికి? వాన పడని రోజున కూడా వీధరుగు మీద గంటలకొద్దీ పేకాడే మగవాళ్ళను అది ఏ అవసరానికని ఎవరూ అడగలేదు.

కాబట్టి అల్లేవాళ్ళకు ఒక మనవి. ఎందుకు అల్లుతున్నారని ఈసారి ఎవరైనా అడిగితే ఏసీ మీద, పొదుపు మీద, మనశ్శాంతి మీద నెట్టకండి. ఇష్టం కాబట్టి అనండి. ఇంకా నిలబడి అడుగుతుంటే వాళ్ళ చేతికి ఒక జత సూదులివ్వండి.