మిక్సీని అటకెక్కించండి

అమ్మమ్మల కాలం పద్ధతులు ఇంట్లోకి తెచ్చుకోవాలనుకునే విశాఖవాసులకు అందరూ చెప్పే సలహా ఒకటే: నెమ్మదిగా మొదలుపెట్టండి, ఆదివారాలు మాత్రం రోట్లో పచ్చడి నూరండి. నేను ఒప్పుకోను. వారానికో పూట వాడే రోలు అలంకారంగానే మిగిలిపోతుంది. ముందు మిక్సీని అటకెక్కించండి, ఆ తర్వాత నిచ్చెన పక్కింట్లో పెట్టండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ప్లగ్గు మీద ఆధారపడ్డ పనులన్నీ ఆగిపోయాయి. రోలు ఉన్న ఇళ్ళలోనూ చేతికి అలవాటు తప్పితే లాభం లేదు, మిరపకాయ బండ కింద నిలవదు. అందుకే రోజూ నూరాలి. ముందు ఉప్పు, మిరపకాయలు వేయండి. ఉప్పు రాపిడికి మిరప తొందరగా మెదుగుతుంది. తర్వాత చింతపండు. మగ్గిన వంకాయో దోసకాయో ఆఖర్న వేసి కచ్చాపచ్చాగా వదిలేయండి. మెత్తగా చేయాలన్న ఆరాటం మిక్సీ నేర్పింది, దాన్ని కూడా అటకెక్కించాలి.

అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్ళకు చప్పుడవుతుందంటారు. నిజమే. రోలు కింద పాత బొంత నాలుగు మడతలు వేయండి, తెల్లవారుజామున నూరకండి. బొంత లేదా? కుట్టండి. నలిగిన నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి మధ్యకు దూరకుట్టు వేసుకుంటూ రండి. కుట్టు వంకర పోతే విప్పకండి, సాగిపోండి. తిన్నగా కుట్టాలని కూర్చుంటే ఆ బొంత ఏనాటికీ పూర్తికాదు.

పొద్దున టిఫిను మానేసి చోడి అంబలి తాగండి. రాత్రి చోడి పిండిని నీళ్ళలో కలిపి పులవనిచ్చి, పొద్దున నూకతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి ఉల్లిపాయ కొరుక్కోండి. మట్టికుండలోనే చేయండి, ఆ కుండకు సబ్బు తగలనివ్వకండి, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. మన ఉక్కకు పులుపు త్వరగా ముదురుతుంది కనుక మధ్యాహ్నం దాటించకండి. ఇంత మొండితనం నూరిపోస్తున్నా, కుంపటి విషయంలో మాత్రం వెనక్కి తగ్గుతాను: తలుపులు మూసిన ఫ్లాట్లో బొగ్గులు రాజేయకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

వడియాలు డాబా మీదే పెట్టండి. పోర్టుకు దగ్గరగా, పాతనగరం వైపు ఉండేవాళ్ళకు బొగ్గు దుమ్ము బెడద ఉంది. పైన పల్చని గుడ్డ కట్టండి, అయినా నల్లబడుతుంటే దూరంగా ఉన్న చుట్టాల డాబా అడగండి.

బాల్కనీలో మనీప్లాంటు తీసేసి బచ్చలి పాకించండి. సముద్రానికి ఎదురుగా ఉంటే ఉప్పుగాలికి లేతాకు మాడుతుంది, పొద్దున్నే మంచినీళ్ళతో ఆకులు కడగండి. ఉక్కునగరం క్వార్టర్లలా పెరడున్నవాళ్ళు మునగ వేసుకోవచ్చు, గోడకు మాత్రం దూరంగా. దాని కొమ్మ గట్టిగాలికి ఇట్టే విరుగుతుంది. ఏటా నిలువెత్తుకు నరికేస్తే ఆకూ కాయా చేతికందుతాయి.

ఇక ఏటికొప్పాక బొమ్మలు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనం మాత్రం వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాం. తీసి పిల్లల చేతికివ్వండి. గీతలు పడనివ్వండి. వీలైతే వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికే తీసుకెళ్ళండి: తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకోవడం పిల్లలు కళ్ళారా చూస్తారు. కొనేముందు రంగు దేనితో చేశారో అడగండి. పసుపనో జాఫ్రా గింజలనో చెప్పగలిగిన మనిషి దగ్గరే కొనండి, బేరం ఆడకండి.