బావి మాత్రం ఉమ్మడి

ఒకే హార్డ్‌డిస్క్‌లో విండోస్ పక్కన లైనక్స్‌ని కూడా కాపురం పెట్టాలనుకునే వాళ్ళందరికీ భయం ఒక్కటే: గీత గీసేటప్పుడు ఏమన్నా జరిగితే? పెళ్ళి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు అన్నీ గంగలో కలిసిపోతే? భయపడటం మంచిదే, కనీసం ఆ పూటన్నా బ్యాకప్ తీసుకుంటారు. కానీ భయపడాల్సిన చోటు అది కాదని నా వాదన. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పొలం పంచడం ఒక పూట పని. సర్వేయరు గొలుసు లాగుతాడు, రాళ్ళు పాతుతారు, అయిపోతుంది. పంచడానికి వీల్లేని బావి, ఇద్దరూ నడవాల్సిన బాట, మధ్యనున్న గోడ ఉన్నాయే, వాటి మీద తగవు మనవల కాలం దాకా నడుస్తుంది. డిస్కులోనూ అంతే. పంచుకున్న గిగాబైట్ల దగ్గర పేచీ రాదు. పంచకుండా మిగిలిపోయిన నాలుగు వస్తువుల దగ్గరే కొంప మునుగుతుంది.

గీత సంగతి ముందు చూద్దాం. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినప్పుడు, దానితో పాటు వచ్చిన డాస్ 2.0లో ఈ వాటాల పద్ధతి మొదలైంది. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు వాటాల పట్టికకు కేటాయించారు. వాటాకు 16 బైట్లు చొప్పున నాలుగు వాటాలు. 64 బైట్లంటే ఎంత? యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి, గుణింతాలకు లెక్క విడి. అంటే మొత్తం 21 గుర్తులు. వెంకటసత్యనారాయణ అని రాసేసరికే పదిహేను ఖర్చయిపోతాయి, ఇంటిపేరుకు ఆరే మిగులుతాయి. వందల గిగాబైట్ల ఆస్తికి దస్తావేజు అంతే! రెండు టెరాబైట్లు దాటిన డిస్కును ఆ పట్టిక కొలవలేదు కూడా. ఇప్పటి జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 వాటాలకు చోటుంటుంది, పైగా పట్టిక నకలు ఒకటి డిస్కు చివర భద్రంగా ఉంటుంది. పట్టిక చెరిగినంత మాత్రాన లోపలి ఫైళ్ళు ఎక్కడికీ పోవు. పాత హద్దుల్ని వెతికి పట్టిచ్చే టెస్ట్‌డిస్క్ లాంటి పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. నిజంగా ప్రమాదం ఉన్నది వాటా మొదలును జరిపేటప్పుడు. అప్పుడు డేటా అంతా మూటాముల్లె సర్దుకుని కదలాలి, మధ్యలో కరెంటు పోతే రెంటికీ చెడుతుంది. చివరి వైపు నుంచి కుదిస్తే ఆ బెడద చాలా తక్కువ.

“మరి లినస్ టోర్వాల్డ్స్ వాటా ఎలా పోయింది?” అని కథ తెలిసినవాళ్ళు అడ్డు తగులుతారు. న్యాయమైన ప్రశ్నే. 1991లో హెల్సింకిలో లైనక్స్ రాస్తున్న రోజుల్లో, మినిక్స్ అనే ఓఎస్ ఉన్న వాటాను ఆయన తన చేతులతోనే పాడుచేసుకున్నాడు. మోడెంకి వెళ్ళాల్సిన డయలింగ్ ఆదేశాన్ని పొరపాటున హార్డ్‌డిస్క్‌కి పంపించాడు. యునిక్స్ తరహా వ్యవస్థల్లో మోడెమూ డిస్కూ రెండూ ఫైలు పేర్ల వేషంలోనే కనిపిస్తాయి మరి. డిస్కు పాపం ఫోను కలపలేకపోయింది గానీ, వచ్చిన ఆదేశాన్ని శ్రద్ధగా రాసుకుని మినిక్స్‌ను మింగేసింది. ఆయన మినిక్స్‌ని మళ్ళీ ఎక్కించుకోకుండా లైనక్స్‌తోనే సంసారం మొదలుపెట్టాడు. ఇందులో గీత తప్పేముంది? హద్దు హద్దులాగే ఉంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పేర్ల వరసలో తడబాటు వచ్చింది, అంతే. కథ నా వాదనకే సాక్ష్యం.

గీత దగ్గర అసలు పేచీయే ఉండదని అనను. పాత యజమాని బెట్టు ఒకటుంది. సి డ్రైవ్‌ను కుదించే సదుపాయం విస్టా కాలం నుంచి విండోస్‌లోనే ఉంది. తీరా అడిగితే, మూడు వందల జీబీ ఖాళీగా కనిపిస్తున్నా అందులో సగం కూడా ఇవ్వననవచ్చు. పేజ్‌ఫైలు, హైబర్నేషన్ ఫైలు, ఫైళ్ళ జాబితా ముక్కలు డిస్కు నడిమధ్యన తిష్ఠ వేసి ఉంటాయి, వాటిని అది కదపదు. పొలమంతా బీడే, కానీ మధ్యలో తాతగారి సమాధి ఉంది, అవతల పక్క ఇవ్వం! ఆ ఫైళ్ళను కాసేపు ఆపేసి మళ్ళీ అడిగితే చాలాసార్లు దారికొస్తుంది.

ఇక బావి దగ్గరికి వద్దాం. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం ఒక్కటే. విండోస్ అందులో స్థానిక సమయం ఉందనుకుంటుంది, డాస్ కాలం నాటి అలవాటు అది. లైనక్స్ అందులో ప్రపంచ ప్రామాణిక సమయం ఉందనుకుంటుంది. లండన్‌లో ఉన్నవాడికి చలికాలమంతా ఈ తేడా తెలియనే తెలియదు. మన ప్రాప్తం అయిదున్నర గంటలు. ఉదయం పదింటికి లైనక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే తెల్లవారుజాము నాలుగున్నర అవుతుంది, పనిమంతుడన్న పేరు ఊరికే వస్తుంది. విండోస్ ఇంటర్నెట్‌ని అడిగి సరిచేసుకుంటే, తర్వాత లైనక్స్ తెరిచినవాడికి మధ్యాహ్నం మూడున్నర, భోజనం వేళ దాటిపోయింది. రెండూ లెక్కలో ఒప్పే, రెండూ కలిస్తేనే తప్పు. రెంటిలో ఒకదానికి ఒక్క సెట్టింగు మార్చి చెబితే గొడవ ఆగుతుంది. ఎవరు తగ్గాలన్నదే ప్రశ్న, అందులో నా ఓటు మాత్రం లైనక్స్ పద్ధతికే.

గడియారం కన్నా చిక్కైనది నిద్ర. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆరిపోదు. కెర్నల్‌ను డిస్కులో దాచుకుని, కళ్ళు మూసుకుని పడుకుంటుంది. లైనక్స్ వచ్చి ఆ వాటాలో ఫైలు రాయబోతే, పక్కవాడు ఇంకా లెక్క ముగించలేదు, చూడటానికే అనుమతి అంటుంది. మొండితనంలా కనిపిస్తుంది గానీ అది మర్యాద. అది బలవంతంగా రాసి ఉంటే, మర్నాడు నిద్ర లేచిన విండోస్ తన పాత లెక్క ప్రకారం పైన ఇంకోటి రాసి ఫైళ్ళన్నీ కలగాపులగం చేసేది. ఫాస్ట్ స్టార్టప్ ఆపేస్తే పోయేది కొన్ని సెకన్లు. కాఫీకి పాలు కూడా కాగవు ఆ వ్యవధిలో.

మూడోది బాట. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఈఎఫ్ఐ అనే చిన్న వాటా ఒకటుంటుంది, విండోస్ మామూలుగా దానికి 100 మెగాబైట్లు కేటాయిస్తుంది. అందరి బూట్‌లోడర్లూ అందులోనే తలో ఫోల్డరు వేసుకోవాలి. వెనకటి రోజుల్లో విండోస్ మళ్ళీ ఎక్కిస్తే లైనక్స్ బూట్ కోడ్ తుడిచిపెట్టుకుపోయేది. ఇప్పుడు ఫోల్డర్లు వేరు కాబట్టి అంత దౌర్జన్యం లేదు, ఎవరి పేరు ముందుండాలన్న పోటీయే మిగిలింది. అది కూడా సర్దుకుందనుకుంటుండగా, 2024 ఆగస్టులో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి పాత లైనక్స్ బూట్‌లోడర్లను నిషేధ జాబితాలో చేర్చింది. రెండు ఓఎస్‌లున్న యంత్రాల జోలికి అది రాదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. వచ్చింది. చాలామందికి లైనక్స్ బదులు, ఏదో ఘోరం జరిగిందన్న సందేశం తెర మీద కనిపించి యంత్రం ఆరిపోయింది. ఇటు నుంచి అటు కూడా దెబ్బ ఉంది. బూట్ సెట్టింగుల్లో వేలు పెడితే, విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌కి అనుమానం వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. డిస్కు ముట్టుకునే ముందు దాన్ని కాగితం మీద రాసుకోవాలి, ఆ కంప్యూటర్లోనే నోట్‌ప్యాడ్‌లో కాదు.

ఇంత రభస దేనికి, వర్చువల్ మెషిన్ పెట్టుకుంటే పోదా అంటారు. కొన్నింటికి అదే మేలు. 2001 నాటి పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టే డీటీపీ వాళ్ళు లైనక్స్‌కి మారాలనుకుంటే, ఆ ఒక్క పనికోసం విండోస్‌కి వాటా రాసివ్వక్కర్లేదు, అద్దెకు ఒక గది చాలు. కానీ నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో రెండు ఓఎస్‌లు ఒకేసారి నడిస్తే రెండూ పాకుతాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేనిదే గడప తొక్కనివ్వదు. కాబట్టి లైనక్స్ వైపు చూస్తున్నవి ఎక్కువగా ఆ ముసలి యంత్రాలే. సరే, రెండు డిస్కులు పెట్టుకోండి అంటారు ఇంకొందరు. డెస్క్‌టాప్‌లో అది మంచి సలహా, ఈఎఫ్ఐ వాటాలైనా వేరుపడతాయి. గడియారం? ఒకటే. బూట్ వరస? ఒకటే. నిద్రపోయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవులో రాయకూడదన్న నియమం? రెండో డిస్కు నుంచి వచ్చినా అదే. పొలాలు వేరే ఊళ్ళలో కొనుక్కున్నా కాపురం ఒక్క ఇంట్లోనే కదా.

వాటాలు వేసినవాళ్ళలో కొందరు నెల తిరక్కుండానే రెండో ఓఎస్‌ను మరిచిపోతారన్నది నిజం. అందులో నష్టమూ లేదు. నష్టం తుడిచేసేటప్పుడు వస్తుంది. విండోస్‌లోంచి లైనక్స్ పార్టిషన్‌ని డిలీట్ చేసి, చోటును సి డ్రైవ్‌లో కలిపేసి హాయిగా పడుకుంటారు. ఈఎఫ్ఐ వాటాలో లైనక్స్ ఫోల్డరూ, ఫర్మ్‌వేర్ జాబితాలో దాని పేరూ అలాగే ఉంటాయి. పొద్దున్నే ఆన్ చేస్తే విండోస్ రాదు, నల్లటి తెర మీద లైనక్స్ బూట్‌లోడరైన గ్రబ్ ప్రాంప్టు మిణుకుమంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి విండోస్ పేరును పైకి జరిపితే రెండు నిమిషాల్లో అంతా మామూలే. ఫోటో ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు. ఆ సంగతి తెలియనివాళ్ళు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రిపేరు షాపుకు పరిగెడతారు. అక్కడ కుర్రాడు తెర వంక ఒకసారి చూసి, “డిస్కు పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి” అంటాడు.