సముద్రం, ఐదో అంతస్తు

ఒకప్పుడు కలిగినవాళ్ల హాల్లో గోడకి జింక తల వేలాడేది. ఆ ముచ్చటకి చట్టం అడ్డొచ్చాక సినిమాహాలంత టీవీలు వచ్చాయి. టీవీ ఇప్పుడు అందరిళ్లలోనూ ఉంది కనక కొత్తది ఇంకేదో కావాలి. అదే రీఫ్ ట్యాంక్: గోడ పొడవునా గాజుతొట్టె, అందులో ఉప్పునీళ్లు, పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. అమ్మేవాళ్లు దీన్ని తొట్టె అనరు, ఇంట్లో వెలిసిన సముద్రం అంటారు. కొన్నవాళ్లు ఇంకో మెట్టెక్కి, ఇది ప్రకృతి ప్రేమ అనీ, పగడాల పరిరక్షణ అనీ చెప్తారు. ఎవరి సరదా వాళ్లది, కాదనను. సరదాకి సేవ అని పేరు పెట్టి, దానికి సన్మానం కూడా ఆశించడం దగ్గరే నా పేచీ.

ముందు ఆ సముద్రం ఎలా తయారవుతుందో చూద్దాం. వెయ్యి లీటర్ల తొట్టె అనుకుందాం. ఈ వ్యసనంలో అదేమంత పెద్ద కొలత కాదు. నీళ్లు సముద్రం నుంచి రావు, కుళాయి నుంచి వస్తాయి. వాటిని ఆర్వో యంత్రంలోకి పంపి, ఉన్న లవణాలన్నీ పీకేసి, అందుకోసం అంతకు రెండు మూడింతల నీళ్లు మోరీలోకి వదిలి, అలా శుద్ధి చేసినదాంట్లో మళ్లీ 35 కిలోల పైచిలుకు ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, బకెట్లలో అమ్మే ప్రత్యేకమైన ఉప్పే కావాలి. మలినాలని నురగలా పైకి లాగడానికి స్కిమ్మర్, అలలకి వేవ్‌మేకర్, సూర్యుడి బదులు నీలి ఎల్‌ఈడీలు, చల్లదనానికి చిల్లర్, కాల్షియం చుక్కచుక్కగా ఎక్కించడానికి డోసింగ్ పంపు. ఇవన్నీ బిగించాక కూడా వెంటనే చేప రాదు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి నెలా నెలన్నర ఆగాలి. అంతవరకూ ఇంటికొచ్చిన చుట్టాలకి లైట్ల కింద రాళ్లే చూపించి మెప్పు పొందాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కూడా మొరాయిస్తే కొన్ని గంటల్లో కథ కంచికి. ఐసీయూలో రోగికి తగిలించినన్ని గొట్టాలు తగిలించి, 'చూడండి, ఎంత సహజంగా ఉందో' అనడానికి గుండెధైర్యం కావాలి.

వీటన్నిట్లోనూ తమాషా వస్తువు థర్మామీటర్. పగడానికి కావలసిన తిండిలో చాలా భాగం దాని ఒంట్లోనే కాపురముండే సూక్ష్మమైన నాచు వండిపెడుతుంది. వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ వేడి ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం ఆ నాచుని బయటికి గెంటేసి, తెల్లగా పాలిపోయి, ఆకలితో చావుకి దగ్గరవుతుంది. ఆ ఒక్క డిగ్రీ విలువ రీఫ్ ట్యాంక్ యజమానికి తెలిసినంత బాగా పర్యావరణ మంత్రులకైనా తెలుస్తుందా అన్నది అనుమానమే. తొట్టెలో 26 డిగ్రీలు 27 అయితే అర్ధరాత్రి అతని ఫోన్ మోగుతుంది, లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొస్తాడు. బయట 1998తో మొదలుపెట్టి లెక్కేస్తే ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం ఇది నాలుగోసారి. 2023 జనవరిలో మొదలైన ఈ విడతలో భూమ్మీది పగడపు దిబ్బల్లో 84 శాతం దాకా వేడిదెబ్బ తగిలింది. దానికి ఏ ఫోనూ మోగదు. పైగా చిల్లర్ తొట్టెలోని వేడిని గదిలోకి వదులుతుంది, గదిలోని వేడిని ఏసీ వీధిలోకి వదులుతుంది, ఆ రెండింటి కరెంటు కోసం రామగుండంలో సింగరేణి బొగ్గు మండుతుంది. ఈ కాసిని తొట్టెల వల్లే సముద్రం కాగుతోందంటే అన్యాయమే. ఆ లెక్కన మన పెళ్లిమంటపాల సీరియల్ లైట్లది ఇంకా పెద్ద పాపం. కానీ వెయ్యి లీటర్లని చల్లగా ఉంచడం కోసం మిగతా సముద్రాన్ని వెంట్రుకవాసి అయినా వేడిచేసే ఏర్పాటుకి పరిరక్షణ అనే పేరు ఎలా అతుకుతుంది?

మన దేశంలో ఇంకో చిక్కుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులీ, ఏనుగూ ఉన్నాయి. 2001 నుంచి దిబ్బలు కట్టే గట్టి పగడాలూ, సముద్రపు గుర్రాలూ కూడా అక్కడే ఉన్నాయి. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇంట్లో పులితోలు పరిచే ధైర్యం లేని పెద్దమనిషి, అదే షెడ్యూల్లోని జీవిని లైట్లేసి మరీ చుట్టాలకి చూపిస్తాడు, ఫొటో తీసి ఊరంతా పంచుతాడు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు వల్ల మన తీరాన చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. అవి మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నాయి. మనకున్నవి కోరింగ మడ అడవులు. వాటిని హాల్లో పెట్టుకోలేం కనక వాటి మీద ఎవరికీ ప్రేమ పుట్టినట్టు లేదు.

'మేం పెంపకం చేపలే కొంటాం' అన్నది వాళ్ల మొదటి జవాబు. క్లౌన్‌ఫిష్ వరకూ నిజమే, మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని చక్కగా పెంచి చూపించింది. కానీ సముద్రపు అలంకార చేపల్లో ఇప్పటికీ చాలా జాతులు దిబ్బల మీద పట్టుకొచ్చినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచీ వాటిని సయనైడ్ చల్లి, మత్తెక్కించి పట్టడం ఉంది. చేప బతికినా అది దాక్కున్న పగడం చస్తుంది. ఇండొనేషియాలోని బాంగాయ్ దీవుల కార్డినల్ చేప కథ ఇంకా చేదు. మగచేప గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, తొట్టెలో సులువుగా పిల్లలు చేస్తుంది. అయినా సముద్రంలో పట్టింది చవక కనక పట్టిపట్టి, దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కించారు. పెంచడం చేతనైతే చాలదన్నమాట, బేరం కూడా కుదరాలి. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1850లలో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు పుస్తకాలు రాసి ఇంగ్లండుకి అక్వేరియం పిచ్చి పట్టించాడు. ఆ పిచ్చికి డెవన్ తీరంలో రాళ్ల మధ్య మడుగులు ఎలా ఖాళీ అయ్యాయో, తండ్రి అందుకు ఎంత కుమిలిపోయాడో ఆయన కొడుకే 1907లో రాశాడు. ప్రేమించి ఖాళీ చేయడంలో వాళ్లు మనకన్నా ముందున్నారు.

రెండో జవాబు కొంత గట్టిది. 2023 వేసవిలో ఫ్లారిడా సముద్రం మరిగినప్పుడు పగడాలని ఒడ్డుకి తెచ్చి బతికించింది తొట్టెల్లోనే కదా, ఆ విద్య అభిరుచిపరుల అనుభవం నుంచి కూడా వచ్చింది కదా అంటారు. ఒప్పుకోవలసిందే. అయితే ఆ పగడాలని ప్రయోగశాలలు తిరిగి సముద్రంలో నాటాలనే తెచ్చాయి. హాల్లో ఉన్నదానికి ఆ తిరుగు ప్రయాణం లేదు. రోగాలు, కలగాపులగమైన జాతులు ఉంటాయని శాస్త్రజ్ఞులు దాన్ని సముద్రం దరిదాపుల్లోకి రానివ్వరు. ఇళ్ల తొట్టెల నుంచి సముద్రానికి నిజంగా చేరిన కానుక ఒకటుంది: లయన్‌ఫిష్. అక్వేరియంల నుంచి జారవిడిచిన ఆ చేప 1985లో ఫ్లారిడా దగ్గర కనిపించింది. ఇప్పుడు కరీబియన్ అంతా వ్యాపించి అక్కడి చిన్న చేపల్ని ఊడ్చేస్తోంది. పిల్లలకి విజ్ఞానం కదా అనేవాళ్లూ ఉన్నారు. డబ్బుంటే సముద్రం కూడా హోమ్ డెలివరీ అవుతుందన్న విజ్ఞానం పిల్లలకి తప్పకుండా అబ్బుతుంది.

ఇక మిగిలింది అసలు వాదన: నా ఇల్లు, నా డబ్బు, నీకెందుకు? ఫ్లాట్ సొంతమే, స్లాబు మాత్రం ఉమ్మడి. నివాస గదుల నేల మీద చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు లెక్కేసుకోమని మన భవన ప్రమాణం ఐఎస్ 875 చెప్తుంది. రెండు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పున్న తొట్టె, నీళ్లూ రాళ్లూ గాజూ స్టాండూ కలిపి టన్నున్నర తూగుతుంది. అంటే చదరపు మీటరుకి వెయ్యి కిలోలు. ఈశాన్యంలో పెట్టాలా అని వాస్తు పండితుణ్ణి అడిగినవాళ్లు, దూలం ఎక్కడుందని ఇంజినీరుని అడిగితే బాగుండును. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలోని పది లక్షల లీటర్ల అక్వేరియం ఉన్నపళంగా పగిలి, దాదాపు 1500 చేపలతో సహా వీధిలోకి వచ్చింది. అది కట్టినవాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లే. తొట్టె చూడటానికి కింది ఫ్లాట్‌వాళ్లని కాఫీకి పిలిచినప్పుడు ఈ కబురు ఎత్తకపోవడమే మర్యాద కాబోలు.